చెప్పినది అయిదు, జరిగినది ఆరు

ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ లేచిందంటే, ఆరు నెలలు తిరక్కుండా ఫిలింనగర్‌లో ఒక కొత్త నిర్మాత దిగేవాడు. అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చొని సంపాదించినవాడికి ఇక్కడ లైట్ల ముందు నిలబడితే తప్ప జన్మ కృతార్థం కాదనిపించేది. రెంటికీ మధ్య దూరం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా పావుగంటే కావడం కూడా అందుకు కొంత కారణమై ఉండవచ్చు. అటువంటి నిర్మాత ఒకరు మా దర్శకుడికి ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను నేను గుడ్డిదాన్ని చేశాననీ, మా ప్రొడక్షన్ మేనేజరు నిమ్మకాయ కోసి దానికి చూపు తెప్పించాడనీ ఒక కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. మొన్న ఒక పెళ్ళిలో, నా ఎదుటి బంతిలో కూర్చొని, ఆ మేనేజరన్నే దాన్ని మరొకసారి వినిపించాడు. నేను లేచి ఖండించేలోపు పెరుగు వచ్చేసింది. కాబట్టి ఆనాటి నోటుపుస్తకం ముందు పెట్టుకొని, జరిగినది జరిగినట్టు లిఖితపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను.

అప్పటికి నాకు ముప్పై నిండాయి (అయినా యువకుణ్ణేననే నమ్మకం చెక్కుచెదరలేదు). దర్శకుణ్ణి మేమంతా గురువుగారు అనేవాళ్ళం. ఆయన దగ్గర నాది కంటిన్యుటీ పని. అంటే, ఒక షాటులో హీరో ఎడమచేతికి గడియారం ఉంటే, పది రోజుల తర్వాత తీసే తరువాయి షాటులోనూ ఎడమచేతికే ఉండేటట్టు రాసిపెట్టుకోవడం. చేరిన రోజున గురువుగారు ఒకే పాఠం చెప్పారు. "స్క్రిప్టులో ఉన్నది కాదయ్యా, సెట్లో జరిగింది రాయి. వాడు పొరపాటున కుడిచేతికి పెట్టుకుంటే కుడి అనే రాయి. తప్పును కూడా తప్పకుండా రాసేవాడే కంటిన్యుటీ వాడు." ఆ మాటను నేను వేదంగా స్వీకరించి, టీ ఎన్ని గంటలకు వచ్చిందో, అందులో పంచదార ఉన్నదో లేదో కూడా రాసేవాణ్ణి. అందువల్ల ఎర్రగడ్డలో పుట్టి పెరిగిన మా మేనేజరన్న నాకు 'దఫ్తర్ సాబ్' అని పేరు పెట్టాడు. ఈ బిరుదుకు నేను ఏనాడూ అంగీకరించలేదు. అంగీకరించలేదనే సంగతి కూడా పుస్తకంలో ఉంది.

గురువుగారి సినిమాలు అప్పటికి వరుసగా రెండు పడుకున్నాయి. మూడోది ఏడు పడగల నాగదేవత కథ, అంతా గ్రాఫిక్స్ మీద నిలబడాల్సినది. పాము పడగలెత్తే దృశ్యం నమూనాగా తయారై ఆ ల్యాప్‌టాప్‌లోకి చేరింది. మంగళవారం సాయంత్రం నిర్మాతగారు వచ్చి చూస్తారు, నచ్చితే సినిమా, నచ్చకపోతే ఆయన మాదాపూర్‌కు, మేము ఇళ్ళకు. ఇంకొక నిర్మాత గురువుగారి గడప తొక్కే సూచన ఏదీ లేదు. (సాఫ్ట్‌వేరు కంపెనీకి అధిపతి అయిన ఆ పెద్దమనిషి, రాహుకాలం వెళ్ళాక నాలుగున్నర దాటితే గాని బయలుదేరనన్నారు. ఇది నా వ్యాఖ్య కాదు, నమోదు మాత్రమే.)

చిక్కల్లా ఏమిటంటే, మా ల్యాప్‌టాప్‌లో ఆ పాము సజావుగా లేవదు. ఒక పడగ ఎత్తి ఆలోచిస్తుంది, రెండోది ఎత్తి విశ్రాంతి తీసుకుంటుంది. నేను ఆ మంగళవారం మధ్యాహ్నం భోజనం కాగానే వెంగళరావు నగర్‌లో ఉండే మా బావకు ఫోన్ చేశాను. మా అక్క భర్త అయిన ఆయన అమీర్‌పేటలో కంప్యూటర్ల మరమ్మతు పాఠాలు చెప్పేవాడు. ప్రపంచంలో తనకు తెలియని యంత్రం లేదని ఆయన అభిప్రాయం.

"ఒరేయ్, అందులో బొమ్మ చూపించే చిప్పులు రెండుంటాయి. చిన్నది ఇంటిపనికి, పెద్దది ఇలాంటి బరువులకి. నువ్వు చిన్నదాంతో మోయిస్తున్నావ్. బయోస్‌లోకెళ్ళి పెద్దదానికి మార్చు."

బయోస్ అంటే కంప్యూటరు కళ్ళు తెరవగానే, మిగతా ప్రపంచం గుర్తుకు రాకముందే, చదువుకునే సొంత నియమావళి అని ఆయనే వివరించాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని, ఆయన చెప్పిన ప్రతి మీటా నొక్కుతూ, నొక్కినదెల్లా రాస్తూ పోయాను. స్విచ్ వేయగానే ఎఫ్ టూ. కుడి బాణం ఒకటి. కింది బాణం అయిదు. ఎంటర్. కింది బాణం ఒకటి. ఎంటర్. ఎఫ్ టెన్. ఎంటర్. గుండ్రటి అక్షరాలతో, వరుస సంఖ్యలతో, చూడముచ్చటైన పుట అది.

ఆఖరి ఎంటర్‌తో తెర నల్లబడింది. మళ్ళీ తెల్లబడలేదు.

లోపల ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి రోజూ వినిపించే స్వాగత సంగీతం కూడా శుభ్రంగా మోగింది. తెర మాత్రం అమావాస్య. ఆపి వేశాను, వేసి ఆపాను. అదే సంగీతం, అదే చీకటి. ప్రాణం ఉన్నదనుకోవాలా పోయిందనుకోవాలా నాకు బోధపడలేదు. తలుపు దగ్గర మేనేజరన్న ప్రత్యక్షమయ్యాడు.

"ఏంది దఫ్తర్ సాబ్, గట్ల బిగుసుకపోయినవ్?"

"తెర రావడం లేదన్నా."

ఆయన వంగి, చెవి ఆనించి, సంగీతం ఆసాంతం విన్నాడు. "పాట మంచిగనే పాడుతుంది గదా! మొకమే చూపిస్తలేదు. పర్దాల కూసున్నట్టుంది." తర్వాత గొంతు తగ్గించాడు. "కొత్త సామాన్, అందరి కండ్లు పడ్డయి. ఫికర్ జెయ్యకు, నిమ్మకాయ తెస్త."

మళ్ళీ బావకు ఫోన్ చేస్తే, ఆయన మొదట నమ్మలేదు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత తేల్చాడు. "ఆ పెద్ద చిప్పు ఎప్పుడో చచ్చిపోయుంటుంది. చచ్చినవాడి చేతిలో దివిటీ పెట్టావురా నువ్వు."

"పెట్టమన్నది మీరు కాదా బావా?"

"బతికుందో లేదో చూసుకోవద్దూ?"

(చూసుకోవడమెట్లాగో ఆయన చెప్పలేదు. నా పుస్తకంలో లేదు.) అడుగు మూత విప్పి లోపలి బిళ్ళ బ్యాటరీని కాసేపు ఊడదీస్తే నియమావళి మొదటికొస్తుందన్నాడు బావ. మూత మీద నిర్మాతగారి కంపెనీ సీలు ఉంది, చింపితే తెలిసిపోతుంది. వేరే మానిటర్ తగిలించినా లాభం లేదట, బొమ్మ వేసేవాడే లేనప్పుడు గోడ మారిస్తే ఏమిటన్నాడు. ఇక మిగిలింది ఒకటే. "కళ్ళు మూసుకుని వెళ్ళిన దారినే వెనక్కి రా. ఏ మీట ఎన్నిసార్లు నొక్కావో రాసుకున్నావుగా? కింది బాణమూ అయిదే. ఆ చివర్లో మాత్రం కిందికి బదులు పైకి."

రాసుకున్నానుగా! ఆ మాట విన్నప్పుడు నాలో ఉప్పొంగిన గర్వాన్ని ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఇన్నేళ్ళుగా నా పుస్తకాన్ని చూసి నవ్విన ఫిలింనగర్ మొత్తం ఈ సాయంత్రం దానికి దండం పెట్టబోతోందనుకున్నాను.

అప్పటికి గడియారం నాలుగు దాటింది. గురువుగారు గదిలోకి వచ్చి, ఏమీ అడగకుండా, నా వెనుక నిలబడ్డారు. అడిగి ఉంటే బాగుండేది. మొదటిసారి ఎఫ్ టూ నొక్కడం ఆలస్యమై స్వాగత సంగీతం వచ్చేసింది. రెండోసారి సరిగ్గా స్విచ్ వెంటనే నొక్కి, పుస్తకంలో ఉన్నదంతా ఒక్కొక్కటే పైకి చదువుతూ, నొక్కుతూ, ఆఖరి ఎంటర్ దాకా నడిపించాను. తెర రాలేదు. ఎంతసేపు చూసినా ఈసారి సంగీతం కూడా రాలేదు.

ఒక చేతిలో నిమ్మకాయ, మరొక చేతిలో కత్తితో వచ్చిన మేనేజరన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇంతసేపు కండ్లే లేకుండె. ఇప్పుడు గొంతు గూడ గుంజిండు మన దఫ్తర్ సాబ్!"

గురువుగారు నా చేతిలోని పుస్తకం తీసుకున్నారు. ఆ పుటను నిదానంగా చదివారు. ఆయన చూపు 'కింది బాణం అయిదు' దగ్గర ఆగింది.

"ఈ అయిదు జరిగిందా, చెప్పిందా?"

"ఏమిటండీ?"

"మీ బావ అయిదన్నాడు. సరే. నువ్వు నొక్కింది అయిదేనా?"

అప్పుడు గుర్తుకొచ్చింది. బావ అయిదు అన్నాడు. అయిదు నొక్కితే వెలిగిన వరుస 'సౌండ్' అని ఉంది. గ్రాఫిక్స్ దాని కింద ఉంది. మా యంత్రంలో వరుస ఒకటి ఎక్కువ. నేను చప్పుడు చేయకుండా ఆరోసారి నొక్కి, పుస్తకంలో మాత్రం అయిదు అని రాశాను. పాఠాలు చెప్పే మనిషి తప్పు చెబుతాడా, ఆ ఆరోది నా చేతి తొందరేమో అనుకున్నాను. అంతకన్నా పెద్ద కారణం, పుట అందంగా ఉంది, కొట్టివేత పెట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు చీకట్లో ఆ సౌండ్ వరుసకు చేరి, దాని నోరు నేనే నొక్కేశాను.

"ఆరండీ," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"గట్టిగా చెప్పు."

"జరిగింది ఆరు. రాసింది అయిదు."

ఆయన తిడతారనుకున్నాను. జేబులోంచి ఎర్ర కలం తీసి, ఆ అయిదు పక్కన చిన్న ఆరు వేసి, పుస్తకం నా చేతికిచ్చారు. "రెండూ ఉండనీ. నొక్కు."

ఎఫ్ టూ. కుడి ఒకటి. కింది బాణం ఆరు. ఎంటర్. పైకి ఒకటి. ఎంటర్. ఎఫ్ టెన్. ఎంటర్. (మేనేజరన్న గుమ్మంలో ఏదో చేస్తున్నాడు, అది అప్రస్తుతం.) నల్లటి తెర మీద ఒక తెల్లటి గీత మెరిసింది. తర్వాత వెలుగు వచ్చింది. ఆనందంతో అరవబోయినవాణ్ణి, గేటు దగ్గర కారు హారన్ విని నోరు మూసుకున్నాను.

"గొంతు కూడా సరిచేస్తానండీ, ఒక్క నిమిషం," అన్నాను.

"చెయ్యి తీసెయ్ దాని మీంచి!" గురువుగారు ఆ రోజు గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "కళ్ళొచ్చాయి, చాలు. గొంతు మనమిద్దాం."

ఇచ్చాం. పాపం ఆ నిర్మాతగారు సోఫాలో కూర్చున్నది మొదలు, గురువుగారు కథ చెప్పే ధోరణిలోనే లేచి నిలబడి, పడగకొక బుస చొప్పున ఏడు బుసలు కొట్టారు. మేనేజరన్న టీ పళ్ళెం మీద ఉరుములు వాయించాడు. గాలి చప్పుడు నాకు అప్పగించారు. నా నోటుపుస్తకాన్ని గుండెలకు ఆనించుకొని పుటలు బొటనవేలితో టపటపలాడించాను. పాము మాత్రం చిన్న చిప్పు మీద యథాప్రకారం ఆలోచించుకుంటూనే లేచింది. పడగకూ పడగకూ మధ్య గురువుగారు రొమ్ము పట్టుకొని వగర్చినందువల్ల, ఆ ఆలస్యం కథలో భాగమనిపించింది.

నిర్మాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ ఆగి ఆగి లేవడముంది చూశారూ, ఒళ్ళు జలదరించిందండీ. అది మాత్రం మార్చకండి."

అలా సినిమా మొదలైంది. ఎన్నాళ్ళు ఆడిందో నా పుస్తకంలో ఉంది, దయచేసి అడగవద్దు.

ఆనాటినుంచి నా ప్రతి పుటలోనూ మధ్య గీత ఒకటి ఉంటుంది. ఎడమవైపు చెప్పినది, కుడివైపు జరిగినది. డాక్టరు చెప్పిన నడక చెరువు దాకా, జరిగినది గేటు దాకా. మా ఆవిడ నా కంటే శ్రద్ధగా కుడివైపు చదువుతుంది. గురువుగారు ఇప్పుడు లేరు. ఈ వ్యాసం కోసం ఆ పాత పుట తీశాను. ఆనాడు గాలి కోసం టపటపలాడించిన అంచు నలిగిపోయింది. ఎర్ర ఆరు ఇంకా వెలిసిపోలేదు. దాని పక్కనే, ఇన్నేళ్ళూ నేను చూసీ చూడనట్టు తిప్పేసిన పసుపుపచ్చ మరక ఒకటుంది. ఆ ముప్పై ఏళ్ళ కుర్రవాడు అందమైన పుట కోసం ఏది రాశాడో, ఏది మానేశాడో తెలిసినవాణ్ణి కనుక, పైన కుండలీకరణాల్లో అప్రస్తుతమన్న మాటను ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. జరిగినది: ఆఖరి ఎంటర్ నేను నొక్కకముందే, అరక్షణం ముందే, మేనేజరన్న నిమ్మకాయ కోశాడు.