తప్పుతో సహా నకలు

కోర్టు ప్రహరీని ఆనుకుని రెండు కుర్చీలు మాత్రమే పట్టే గదిలో టైపిస్టు, అతని వదిన ఇరవై ఆరేళ్లుగా నకళ్లు తయారుచేస్తున్నారు. అతను టైపు చేస్తాడు. ఆమె మూలప్రతిని పైకి చదువుతూ పేరా పేరాకీ పెన్సిలు గీత పెడుతుంది. మూలంలో తప్పుంటే నకల్లోనూ ఉండాలి. దిద్దే అధికారం నకలు తీసేవారికి లేదు. ఆ గదిలో అమలయ్యే ఏకైక శాసనం అదే.

ఆ సోమవారం వారి ముందున్నది వదిన ఉండే వీధికి వచ్చిన నోటీసు. రోడ్డు వెడల్పు కోసం ముప్పై ఎనిమిది ఇళ్లు ఖాళీ చేయాలి. పందొమ్మిదో నంబరు ఆమెది. నోటీసు ఇచ్చిన కార్యాలయం దగ్గర అసలు ఫైలు ఉంది, అడిగితే ఇవ్వలేదు. ప్రింటు తీసి, ముద్ర కొట్టి, వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్ పంపింది. ప్రజలు చూడవచ్చు, వాడుకోరాదు అన్నదే దాని ఉద్దేశం. జవాబులో ప్రతి పేరానూ ఎత్తిరాయాలి కనుక సాయంత్రం ఐదులోగా వర్డ్ ఫైలు కావాలన్నారు వీధివారి లాయరు. అరవై పేజీలు ఒక్క పూటలో వేళ్లతో అయ్యే పని కాదు.

స్కాన్ బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు మూడు దించుకున్నాడు టైపిస్టు. మొదటిది పేజీని బొమ్మగా అతికించింది. ఒక్క అక్షరం కదలదు. రెండోది అక్షరాలిచ్చింది గానీ ఇళ్ల పట్టికను చెల్లాచెదురు చేసింది. మూడోది ఇస్త్రీ చొక్కాలా వచ్చింది.

“ఏది ఉంచమంటావు వదినా? నాకు బుర్ర పనిచేయడం లేదు.”

“మూడోది ముచ్చటగా ఉంది కదయ్యా. నీ టైపు ఏనాడూ ఇంత బాగా లేదు.”

“అయితే రేపట్నుంచి టీ దానికే పోసిపెట్టు.”

“పోస్తా. చక్కెర తక్కువైందని సణగదు. ముందు పోల్చుదాం పట్టు.”

మొదటి పేజీ చదివింది: ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి. తెర మీద మూడు రోజులని ఉంది.

“మళ్లీ చదువు.”

“ముప్పై. కళ్లజోడు పెట్టుకునే చదువుతున్నా.”

ఆ మూడు ఎక్కడిదా అని వెతుకుతూ నలభై ఒకటో పేజీకి వెళ్లి చూస్తే, అక్కడ మూలంలోనే మూడు రోజులని ఉంది. ఒకే నోటీసులో రెండు గడువులు రాసింది కార్యాలయం. ‘పొరపాట్లు సవరించు’ అన్నచోట ముందే పెట్టి ఉన్న టిక్కును అతను గమనించలేదు. సాఫ్ట్‌వేర్ రెండింటినీ మూడు చేసింది. వీధివారికి దొరికిన బలమైన వాదన ఆ తప్పే. దాన్ని నున్నగా తుడిచేసింది.

నోటీసు చేతికొచ్చి అది నాలుగో రోజు.

“అంటే దీని ప్రకారం నా ఇల్లు నిన్ననే పోయిందా?” అంది వదిన.

టిక్కు తీసి మళ్లీ నడిపితే ముప్పై తిరిగొచ్చింది. ఇంకెక్కడ ఏం దిద్దిందో, దిద్దలేదో అతనికి అంతు చిక్కలేదు. చివరికి రెండోదాన్ని తెరిచాడు.

“దీనికి ఏమీ అర్థం కాదు వదినా. అందుకే దిద్దదు.”

“మరి నీకు అర్థమైందా?”

“లేదు.”

పట్టికలోని ముప్పై ఎనిమిది వరుసలనూ చేత్తో సర్ది, అరవై పేజీలూ పోల్చారు. ఐదుకు పది నిమిషాల ముందు ఫైలు లాయరుకు వెళ్లింది, రెండు గడువులతో సహా. ‘పోల్చినవారు’ అన్నచోట వదిన సంతకం చేసింది. అతను ఇంకా మూడు సాఫ్ట్‌వేర్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఆ దిద్దేదాన్ని పీకెయ్యి.”

“టిక్కు తీసేస్తే దిద్దదంట వదినా.”

“ఆ ‘అంట’ల మీద నా ఇల్లు పెట్టనయ్యా,” అని ఆమె పెన్సిలు చెక్కుకుంది.