పదకొండు ఒకట్లు

మండపేటలో ఒక రైసు మిల్లుకు సత్తిరాజు మెకానిక్కు. ఎంత మొండికేసిన మోటారైనా అతని చెయ్యి పడితే తిరగాల్సిందే. అంతటివాడు ఇంట్లో చేసిన పొరపాటు, ఏం చెప్పమంటారు, ఏడేళ్లదాకా పొరపాటని అతనికే తెలియలేదు.

తొంభై మూడులో, ఏడో తరగతి చదివే కూతురు అశ్విని మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో చేజారిపోయింది. భార్య సూర్యకళ కంట చుక్క రాలలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. నెల తిరక్కుండా ఆవిడ పిల్ల లెక్కల నోటుబుక్కు ముందేసుకు కూర్చుంది. ఆఖరి పేజీలో పదకొండు ఒకట్లు వరసగా వేసి, కింద "ఇది దేనితోనూ పోదు" అని, అంటే ఏ సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుందని, రాసుకుంది అశ్విని.

"అది రాసింది నిజమో కాదో నేను తేలుస్తానండీ" అంది సూర్యకళ.

ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది; అవీ లక్షా అయిదువేల చిల్లర దాటితే ఇక అక్కర్లేదు. పదో తరగతి లెక్కల్లో ఫస్టొచ్చిన మనిషికి ఆపాటి తెలీదా! రాజమండ్రి నుంచి పట్టిక తెప్పించుకుంది. అందులో చూడాల్సినవే పదివేల పైచిలుకు. రోజుకు మూడు భాగహారాలు చేసేది. మిల్లు నుంచి వచ్చాక సత్తిరాజు తిరిగి హెచ్చవేసి, శేషం కలిపి, పదకొండు ఒకట్లూ వస్తే టిక్కు పెట్టేవాడు. తిండి మానేసిన మనిషి మళ్లీ అన్నం కలుపుకుంటోందంటే ఆ భాగహారాల పుణ్యమేననుకున్నాడు.

తొంభై అయిదు ఆఖర్లో ఒక సాయంత్రం 21649 వంతు వచ్చింది. శేషం పది అని రాసింది సూర్యకళ. సత్తిరాజు హెచ్చవేసి శేషం కలిపితే పది ఎక్కువ తేలింది. మళ్లీ చేశాడు. చివరి మెట్టులో ఆవిడ తొమ్మిదితో హెచ్చవేసేటప్పుడు పది తక్కువ వేసింది. అసలు శేషం సున్నా. పిల్ల రాసింది తప్పు.

చెబితే రేప్పొద్దున్న ఈ మనిషి దేన్ని పట్టుకుని లేస్తుంది? టిక్కు పెట్టేశాడు. నేనైనా అదే చేసేదాన్నేమో.

రెండువేల రెండులో ఆఖరి భాగహారం అయింది. "పోలేదండీ. అశ్విని చెప్పిందే నిజం" అని సూర్యకళ పెన్ను మూత పెట్టి, ట్రంకుపెట్టె తెరిచి, పిల్ల స్కూలు గౌను ఒళ్లో వేసుకుంది. అప్పుడు మొదలెట్టింది ఏడుపు. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. మూడు రోజులు ఏడ్చింది. భయపడ్డంతా అయిందనుకున్నాడు సత్తిరాజు.

నాలుగో రోజు ఆవిడ తలంటుకుని, ఆకలేస్తోందంటూ తనే అన్నం పెట్టుకుంది. మొహం తేటపడింది.

"ఇది తేలేదాకా ఏడవనని ఒట్టు పెట్టుకున్నానండీ" అంది. "రోజూ దేవుణ్ణి అడిగేదాన్ని, ఆ లెక్క పోతే పోయిందని తేల్చెయ్యి, పిల్లని తలుచుకుని ఏడవనియ్యి అని. నిజమైనా తప్పైనా నాకొకటేనండీ. ఇన్నేళ్లు పట్టింది."

ఏడేళ్లు ఆవిడ ఏడుపును ఆపింది ఆనాడు 21649 పక్కన టిక్కు పెట్టిన తనేనని సత్తిరాజు ఏ నోటితో చెబుతాడు?