మా మేనత్త వ్యానుకు పెట్టిన సైరన్

మీకు ముక్కు మూసుకునుడు వచ్చు, నోరు తెరుసుడు రాదు. కాజీపల్లి ఫ్యాక్టరీలు దాటేటప్పుడు కారు అద్దాలు ఎక్కించుకుంటరు, అమీన్‌పూర్ రాంగనే దించుకుంటరు. ఆ మధ్యల పనిచేసే మనుషులు ఏం పీలుస్తున్నరో ఒక్కనాడన్న అడిగినోళ్లు కారు. అందుకే మా మేనత్త మొన్న మంగళవారం పొద్దున ఊపిరందక చనిపోయిందన్న కబురు మీదాక రాలేదు. పేపర్ల వెయ్యలేదు, వెయ్యరు కూడ. నేను రాస్తున్న, చదవండి.

మామ పోయి, ఉన్న పొలం ఫ్యాక్టరీల పాలైనంక ఆమె ఒక పాత డీజిల్ వ్యాను కొన్నది. ట్రాక్టర్ మీద నేర్చిన డ్రైవింగు ఆమెది, తన బిడ్డకు కూడ నేర్పింది. బొంతపల్లి చుట్టుపక్కల ఆడవాళ్లను మందుల కంపెనీకి షిఫ్టుకు తీసుకపోయి తీసుకొచ్చేది. కొంగు నడుముకు చుట్టి సీట్ల కూసుంటే ఇగ ఎవరి మాటా వినేది కాదు. లారీవాడు వెనకనుంచి హారన్ కొడితే కిటికీల తల పెట్టి, "పో బిడ్డా, నువ్వే ముందు పో. మాకు ఇంకా ఈ ఒంట్ల బొక్కలతోని పనున్నది" అనేది. వ్యానంత నవ్వులు.

ఆ కంపెనీల మొదటిసారి గ్యాస్ లీకైన రోజు ఆ నవ్వు ఆగింది. వ్యాను గేటు బయటే ఉన్నది, కాని దాంట్ల బ్యాటరీ లేదు. షిఫ్టు నడుస్తుండంగనే ఎవడో విప్పుకపోయిండు. కంపెనీకి అంబులెన్సు లేదు. పడిపోయిన ఆడవాళ్లను ఇసుక ట్రాక్టర్ల వేసి దవాఖానకు తోలిన్రు. అందులో మా వదిన, మా అన్న పెండ్లాం, ఒకతి. ప్రాణం దక్కింది, ఊపిరి మాత్రం మునుపటిలెక్క రాలేదు. ఇప్పటికీ వంగి లేస్తే గోడ పట్టుకుంటది.

అప్పటినుంచి మేనత్తది ఒకటే పట్టు. మళ్లా గ్యాసొస్తే బండి ఆ క్షణమే కదలాలె.

పటాన్‌చెరుల ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉండె. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. కార్లకు సైరన్, రిమోట్ స్టార్టు పెడ్తడని విని నన్ను వెంటబెట్టుకొని పోయింది. రిమోట్ మీద ఒక బటన్ నొక్కితే సైరన్ కూస్తది, ఇంకోటి నొక్కితే దూరంనుంచే ఇంజను స్టార్టయితది. ఎవడన్న తలుపు ముట్టినా సైరనే.

ఆయన వ్యాను చుట్టూ తిరిగి చూసిండు. "అమ్మా, ఇది కొత్త కార్లకు పెట్టే సామానండీ. మీ బండికి హారనే సరిగా మోగట్లేదు."

"హారన్ మోగకుంటే నా నోరున్నది. నువ్వు పెట్టు."

పెట్టిండు. పెట్టినంక ఒకటికి రెండుసార్లు చెప్పిండు. "ఆపిన ప్రతిసారీ న్యూట్రల్‌లోనే ఉంచాలండీ. గేర్‌లో ఉంటే స్టార్టర్ తిరగ్గానే బండి ముందుకు దూకుద్ది."

"సరె సరె" అన్నది. కాని ఆ వ్యానుకు హ్యాండ్ బ్రేకు ఏనాడూ నిలవలేదు. ఏండ్లకేండ్లు మొదటి గేరుల వేసే ఆపింది. మా దిక్కు పాత బండ్లన్నీ గట్లనే ఆపుతరు. చెవి విన్నది, చెయ్యి వినలేదు.

బండికి ఏం కొత్తది పెట్టినా పూజ చెయ్యకుండ మేము కదలనియ్యం. ఇంటి ముందర వ్యాను ఆపింది, ముందర గోడ. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టినం. ఎలక్ట్రీషియన్‌ను కూడ పిలిచినం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టటానికి వదిన వంగింది.

అరుగు మీదికెల్లి ఎవరో అన్నరు: "ఓ డ్రైవరమ్మా, దూరంనుంచి నొక్కుతవంట గద, జెర చూపియ్యరాదు!"

మేనత్త నవ్వుకుంట బటన్ నొక్కింది.

వ్యాను దూకింది. వదిన వెనక్కి పడ్డది. ఇంజను అందుకోక ఆగిపోయింది. బంపరు ఆమె మోకాలికి జానెడు దూరంల ఉన్నది. హమ్మయ్య అనుకున్నం. మాకు తెలవనిది ఏందంటే, ఇంజను అందుకోకుంటే ఆ మిషిన్ ఎవరూ నొక్కకున్నా తనంతట తానే మళ్లా స్టార్టు చేస్తది. వ్యాను మళ్లా దూకింది. వదిన వీపు గోడకు తగిలింది. లేవబోతే ఊపిరి ఆడలేదు, అరవబోతే గొంతు రాలేదు. మేనత్త రిమోట్ విసిరేసి, బండికి గోడకు మధ్యల దూరి, వదిన చంకల కింద చేతులేసి గుంజింది. ఎలక్ట్రీషియన్ తలుపు తెరిచి రెండు చేతులతో గేరు రాడ్డు లాగిండు. మూడోసారి ఇంజను అందుకున్నది. వ్యాను ఉన్నకాడనే ఉండి గడగడమంటున్నది.

"పీకేద్దామండీ" అన్నడు ఎలక్ట్రీషియన్. నేనూ అన్న, "తీసెయ్ అత్తా, మనకొద్దు."

ఆమె వదినకు నీళ్లు తాగిపిస్తున్నది. తల తిప్పకుండనే అన్నది: "తప్పు నాది. గేరుల పెట్టింది నేనే. రేపు మళ్లా పెడ్త, అది నా చేతి అలవాటు. అన్నా, నన్ను నమ్మకు. గేరుల ఉంటే స్టార్టర్‌కు కరెంటే పోకుండ ఒక స్విచ్చు పెట్టు. హ్యాండ్ బ్రేకు కూడ నిలిచేటట్టు చేపిస్త."

వారం దినాలల్ల రెండూ అయినయి.

ఈ మాటను మీరు తేలికగ దాటిపోకండి. గ్యాస్ లీకైన తెల్లారి కంపెనీ అధికారి ఏమన్నడో యాదికున్నదా? "కార్మికుల నిర్లక్ష్యం" అన్నడు. తుప్పుపట్టిన పైపు తప్పును మనుషుల మీదికి నూకిండు. మా మేనత్త తన తప్పును తనే ఒప్పుకొని, మనిషి మర్చిపోయినా ప్రాణం పోకుండ మిషిన్‌ను సరిచేపిచ్చింది. సేఫ్టీ అంటే ఇదే. దీనికోసం గోడల మీద పోస్టర్లు అతికియ్యనక్కరలేదు.

రెండోసారి లీకైనప్పుడు ఆమె గేటు ఎదురుంగ టీ కొట్టు దగ్గర ఉన్నది. వాసన తగిలింది. కంపెనీ సైరన్ మోగలేదు. రెండు బటన్లూ నొక్కింది. "నా బండి కూసిందంటే చేతులల్ల ఉన్నది కింద పెట్టి ఉరుకున్రి" అని లోపలోళ్లకు ముందే చెప్పిపెట్టింది. వ్యాను కూత విని ఆడవాళ్లు ఉరికొచ్చిన్రు. గేటు కాడ గార్డు అడ్డం నిలబడ్డడు. "హాజరు పంచింగ్ లేకుండ బయటికి పోనియ్యద్దని ఆర్డరు."

"తియ్యి బిడ్డా" అన్నది మేనత్త, సీట్ల కూసుంటూ. "లేకుంటే గేరు వేస్త. ఈసారి తెలిసే వేస్త."

ఆ గొంతు విన్నోళ్లకు అది ఉత్త బెదిరింపు కాదని తెలుసు. గార్డుకూ తెలిసింది. గేటు తెరిచిండు. ఆ దినం ఎవరినీ ట్రాక్టర్ల వెయ్యలేదు.

తర్వాత అధికారి పిలిపిచ్చి, "నీ సైరన్‌తో జనం పరేషాన్ అయితున్నరు, తీసెయ్" అన్నడు.

"మీది మోగిన దినం నాది తీసేస్త సారూ" అని వచ్చేసింది.

ఆమె పోయేదాక వాళ్లది మోగలేదు. సంతాపం చెప్తమని నాకు ఫోన్లు చెయ్యకండి. మేము అడిగేది ఇది:

ప్రతి ఫ్యాక్టరీల గ్యాస్ సైరన్ పనిచెయ్యాలె. వారం వారం మోగించి, బయట ఊళ్లకు కూడ వినపడేటట్టు చూపియ్యాలె.

గేటు బయట అంబులెన్సు ఉండాలె, దాంట్ల డ్రైవరు ఉండాలె.

గ్యాసొచ్చినప్పుడు పంచింగ్ అడగొద్దు. గేటు తెరవాలె.

ఊపిరి పోగొట్టుకున్నోళ్లకు బతికినంత కాలం కంపెనీయే వైద్యం చేపియ్యాలె. మా వదినతో మొదలుపెట్టాలె.

ఇవన్నీ అయ్యేదాక ఆ వ్యాను గేటు బయటే నిలబడతది. మేనత్త బిడ్డ నడుపుతది. దాన్ని జరపమని ఎవరూ రావద్దు.