నెమ్మది బాబాయ్ బండి వెళ్లని ఊళ్లు

ఆయన అసలు పేరు డ్రైవింగ్ లైసెన్సుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరంతా నెమ్మది బాబాయ్ అనే పిలుస్తారు. ఎనిమిది సీట్ల తెల్ల కారు, వెనక సీట్లో మెత్తటి దిండ్లు, వాంతులొస్తే పనికొస్తాయని మడిచి పెట్టిన కవర్లు. ఇంటి నుంచి నది మీది వంతెన వరకూ పద్నాలుగు స్పీడు బ్రేకర్లుంటే, పద్నాలుగింటి దగ్గరా బండిని పసిపిల్లని ఒళ్లోంచి దించినంత జాగ్రత్తగా దించుతాడు. కడుపుతో ఉన్న మనిషిని కుదపకూడదన్నది ఆయన నియమం. ఎంత మంచి మనిషో చూడండి.

ఆ కడుపుతో ఉన్నవాళ్లని ఆయన తీసుకెళ్లేది అవతలి ఒడ్డుకి. ఇవతలి ఒడ్డున కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం, దొరికితే జైలు. అవతలి ఒడ్డునా నేరమే, కాకపోతే అక్కడ పట్టుకోవాల్సినవాడు గురువారాలు మధ్యాహ్నంపూట ఓ కునుకు తీస్తాడు. అందుకని గురువారం మధ్యాహ్నం బాబాయ్ బండి ఖాళీగా దొరకదు.

ఆయన ఎవర్నీ ఏమీ అడగడు. అడగక్కర్లేదు కూడా. తిరిగొచ్చేటప్పుడు వంతెన దిగగానే స్వీట్ల కొట్టు దగ్గర ఆపమన్నారా, మగపిల్లాడు. నోరు కుట్టేసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారా, ఆడపిల్ల. ఈ రెండో రకంవాళ్లే మళ్లీ ఫోన్ చేస్తారు, "డాక్టరమ్మ పై గురువారం ఇంకోసారి రమ్మంది బాబాయ్" అని. ఆ ట్రిప్పులో ఆయన ఇంకా నెమ్మదిగా నడిపేవాడు. "నాదేముందండీ, స్టీరింగ్ తిప్పేవాణ్ణి" అనేవాడు, ఎవరూ అడక్కపోయినా.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఓ సంఘం దిగింది. ఈ ఒడ్డున వెయ్యిమంది మగపిల్లలు పుడితే ఆడపిల్లలు ఎనిమిది వందలైనా పుట్టడం లేదట. అదే నదికి ఎగువన కొండ ఊళ్లలో మాత్రం ఇంచుమించు సమానంగా పుడుతున్నారట. ఈ తేడాకి కారణాలు కనిపెట్టాలి. చెప్పడానికి కళ్లజోడు పెద్దాయన ఒకరు, రాసుకోవడానికి ఇంకో ఇద్దరు. పెద్దాయనకి నడుంనొప్పి, కుదపకుండా నడిపే డ్రైవరు కావాలన్నారు. ఇంకెవరున్నారు, మన బాబాయే.

పదకొండు రోజులు తిరిగారు. బావినీళ్లు సీసాల్లో పట్టారు, పొలం మట్టి పొట్లాలు కట్టారు, మగవాళ్లు ఎంతసేపు ఎండలో నిలబడతారో రాసుకున్నారు. కొండ ఊళ్లకి కారు పోదంటే, రోడ్డు తెగిపోయిన చోట దిగి మూడు గంటలు ఎక్కారు. "ఇక్కడి గాల్లోనే ఏదో ఉందోయ్" అన్నాడు పెద్దాయన రొప్పుతూ. గాలి సంగతేమో గానీ, తన బండి రాని ఊళ్లు ఇవేనని బాబాయ్‌కి తెలుసు. ఆ ముక్క ఆయన్ని ఎవరూ అడగలేదు. డ్రైవర్ని ఎవరడుగుతారు?

ఓ రోజు భోజనానికి అవతలి ఒడ్డుకి వెళ్లారు. ఒక్క వీధిలో తొమ్మిది స్కానింగ్ సెంటర్లు. పెద్దాయన ముచ్చటపడి, "వైద్యం ఎంత అభివృద్ధి చెందిందో రాసుకోండి" అన్నాడు. రాసుకున్నారు. అంతలో ఓ సెంటరు వాచ్‌మన్ బండిని గుర్తుపట్టి, "ఏం బాబాయ్, మంగళవారం వచ్చావ్?" అన్నాడు. బాబాయ్ వినపడనట్టు హారన్ కొట్టాడు. పెద్దాయన మాత్రం, "నీకు తెలియనివాళ్లు లేరయ్యా" అని మెచ్చుకున్నాడు. చివరికి తప్పంతా దిగువ నీళ్లలో సున్నానిదని తేల్చి, గర్భిణులకి ఇంటికో నీళ్ల ఫిల్టరు పంచమని రాసి, రైలెక్కి వెళ్లిపోయారు.

ఆ వారమే వియ్యపురాలు ఫోన్ చేసింది. బాబాయ్‌కి ఒక్కగానొక్క కూతురు. ఆమెకి ఇద్దరూ ఆడపిల్లలే, ఇప్పుడు మూడోసారి నాలుగో నెల.

"అన్నయ్యగారూ, మన బండి ఉండగా వేరే బండెందుకు? గురువారం అమ్మాయిని తీసుకెళ్దాం."

సరేనన్నాడు. వెళ్లారు, వచ్చారు. వంతెన దిగాక స్వీట్ల కొట్టు దగ్గర ఆయనే వేగం తగ్గించాడు. "ఆపమంటారా చెల్లెమ్మా?" అన్నాడు. "పోనివ్వండి" అందావిడ. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ కొట్టు దాటించాడో, ఒక్కపూట కూడా ఆయన అన్నం మానేసింది లేదు.

రెండో గురువారం రానే వచ్చింది. వెనక సీట్లో వియ్యపురాలు, ముందు ఆయన పక్కన కూతురు. పద్నాలుగు స్పీడు బ్రేకర్లూ దాటారు. వంతెన ఎక్కాక కూతురు అడిగింది.

"నాన్నా, నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఈ వంతెన ఉందా?"

"లేదమ్మా. నీకు నడకొచ్చాక కట్టారు."

"అదీ సంగతి" అంది కూతురు. "నాకీ బిడ్డ కావాలి నాన్నా. ఆయనకి చెప్పాను, అత్తయ్యగారికీ చెప్పాను. నీకే చెప్పలేదు, నువ్వు అడగవు కాబట్టి."

వంతెన మీద బండి తిప్పే వీల్లేదు. అవతలి ఒడ్డుకి పోయి, స్కానింగ్ సెంటరు గుమ్మంలోనే తిప్పాడు. గేటు తీసిన వాచ్‌మన్ తీసినట్టే నిలబడిపోయాడు.

"ఎక్కడికండీ?" అంది వియ్యపురాలు.

"మా ఇంటికి. పుట్టేదాకా అక్కడే ఉంటుంది."

"ఊళ్లో సగం కోడళ్లని మోసుకెళ్లింది మీరే. అప్పుడు లేని నీతి మీ కూతురి దాకా వచ్చేసరికి పుట్టుకొచ్చిందా అన్నయ్యగారూ?"

ఆ మాటలో తప్పేముందో మీరే చెప్పండి.  "బండి నాది చెల్లెమ్మా" అన్నాడు బాబాయ్. ఆవిణ్ణి వాళ్ల వీధి చివర దింపి, కూతుర్ని ఇంటికి తీసుకొచ్చాడు.

ఇంజను ఆపేసరికి మనసు కాస్త తేలికపడింది. నిజం చెప్పొద్దూ, కొంచెం గొప్పగా కూడా అనిపించింది. "నువ్వు దిగి పడుకోమ్మా, పిల్లల్ని బడి నుంచి నేను తీసుకొస్తాను" అన్నాడు.

కూతురు దిగలేదు.

"నాన్నా, ఇన్నేళ్లలో నాలాగా వద్దన్నవాళ్లే లేరా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎందుకో ఆ పూట నోటికి రాలేదు.

"ఒకమ్మాయి అంది. బండి వెనక్కి తిప్పు బాబాయ్ అని ఏడ్చింది."

"నువ్వేమన్నావ్?"

"దుమ్మొస్తోంది, అద్దం ఎత్తుకోమ్మా అన్నాను."