ఆమెకు తెలియని ప్రశ్న

మా పెద్ద టీచరమ్మ పోయారు. ఆత్మకూరు నుంచి మధ్యాహ్నం బస్సులో వచ్చిన ఆమె తమ్ముడు మా బాలవాడి గడప దగ్గరే నిలబడి ఆ మాట చెప్పాడు. లోపల పిల్లలు ఇసుకలో కాలువ తవ్వి, నీళ్ళు పోస్తే ఎటు పారుతాయోనని వాదులాడుకుంటున్నారు. కబురు వింటూనే నా కళ్ళు వాళ్ళ వైపు తిరిగాయి. అట్లా చూడడం నేర్పింది ఆమే. అందుకేనేమో, కన్నీళ్ళ కంటే ముందు ఆమె సంబరమే నాకు గుర్తుకొచ్చింది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు నేను ఉదయగిరిలో ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. కొండ కింద పెంకుటిల్లు, రెండు గదులు, ఐదేళ్ళ లోపు పిల్లలు. ఆమె మద్రాసులో శిక్షణ పొంది వచ్చారు. పసిపిల్లలు ఏం నేర్చుకున్నారో పెద్దవాళ్ళు ఎట్లా తెలుసుకోవాలన్నది ఆమెను వదలని ఆలోచన. ఆమె పలకలు తనిఖీ చేసేవారు కాదు, పాఠం అప్పజెప్పమనేవారు కాదు. గోడవారగా పీట వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఊరికే చూసేవారు. ఒక పిల్లవాడు మూతపడని డబ్బాతో కుస్తీ పట్టి, విసిగి, ఆగి, మూతను తిరగేసి చూసుకున్నాడంటే చాలు, నా చీర కొంగు పట్టి లాగేవారు.

"చూడు, చూడు. ఇప్పుడే నేర్చుకుంటా ఉండాడు."

గుసగుసగా అన్నా, పారేసుకున్న వస్తువు దొరికినంత ఆనందం ఉండేది ఆ గొంతులో. సాయంత్రం ఇంటికి చేరేసరికి నా కొంగు అంచంతా నలిగిపోయి ఉండేది.

ఆమె నాకు పెట్టిన నియమం ఒకటుంది. "మనకు తెలిసిందాన్ని బిడ్డను అడగబాకమ్మాయ్. బిడ్డకు అర్థమైపోద్ది." తెలియకుండా అడిగితే జవాబు తప్పో ఒప్పో మనకెట్లా తెలుస్తుందని నేను లోలోపల అనుకునేదాన్ని. ఒక ఎండాకాలపు ఉదయం ఆ మాటకు అర్థం నా కళ్ళ ముందే తేటతెల్లమైంది.

ఆ రోజు పెద్ద బడి హెడ్మాస్టరుగారు ఒకటో తరగతికి పిల్లలను ఎంచడానికి వచ్చారు. మంచి మనిషే. బడిలో చోటు తక్కువ, పిల్లలు ఎక్కువ; ఏదో ఒక పరీక్ష పెట్టక తప్పదు. బుట్టలోంచి ఒక్కొక్క వస్తువే పైకెత్తి ఇదేమిటని అడిగారు. బజారు వీధి పిల్లలు గొంతెత్తి చెప్పారు. శెట్టిగారి మనవడైతే నిమ్మకాయను చూసి, అది కలిగిరి సరుకని, అంతకంటే మంచివి తమ అంగట్లో ఉన్నాయని కూడా చెప్పాడు.

తరువాత వంతు ఒక ఆడపిల్లది. సీతారామపురం నుంచి రోడ్డు పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది. వాళ్ళ అవ్వ వెంటబెట్టుకుని వచ్చింది. నిమ్మకాయ ఎత్తారు, పలకలేదు. దువ్వెన చూపారు; పలకలేదు. తాళంచెవికీ అంతే. ఆయన ముఖంలోకి మాత్రం తదేకంగా చూస్తూ నిలబడింది. మాటలు ఇంకా సరిగ్గా వచ్చినట్టు లేవని, వచ్చే ఏడు చూద్దామని ఆయన మెల్లగానే చెప్పారు.

"వచ్చే ఏటికి మేం యాడుంటామో అయ్యోరా," అంది అవ్వ. "ఇప్పుడు కాకుంటే ఇంక మేకల ఎనకాలే దీని బతుకు."

పెద్ద టీచరమ్మ కాస్త వ్యవధి అడిగి లోపలికి వెళ్ళారు. పొద్దున పక్కిళ్ళలో అడిగి తెచ్చిన ఒక చెంబు, ఒక గిన్నె, బకెట్టుతో నీళ్ళు తెచ్చి పిల్ల ఎదుట నేల మీద చతికిలబడ్డారు.

"అమ్మీ, ఈ చెంబు పొడుగ్గా ఉండాది. ఈ గిన్నె బొద్దుగా ఉండాది. దేంట్లో నీళ్ళు ఎక్కువ పడతాయో నాకు తెలీడం లేదు. నువ్వు చూసి చెప్తావా?"

పిల్ల ఈసారి ఆమె ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తరువాత గొంతుకూర్చుని, గిన్నెను అంచుదాకా ముంచి, రెండు చేతులతో ఎత్తి, చెంబులోకి వంచసాగింది. నేను టీచరమ్మ పక్కనే కూర్చున్నాను. ఆమె గుప్పిట్లో నా కొంగు అప్పటికే బిగుసుకుపోయింది. చుక్క కింద పడలేదు. చెంబు నిండింది. పిల్ల ఆగి, గిన్నెను టీచరమ్మ వైపు వంచి చూపించింది.

"ఇంకా మిగిలుండాయి. గిన్నే పెద్దది."

అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హెడ్మాస్టరుగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "మరి నేనడిగితే పలకలేదేందే?"

"నిమ్మకాయ నీ చేతిలోనే ఉండాది గదా. నీకు తెలీదా?"

ఆయన పగలబడి నవ్వారు. ఆ నిమ్మకాయను పిల్ల చేతిలోనే పెట్టి, బడి తెరవగానే పంపమని అవ్వతో చెప్పారు.

అందరూ వెళ్ళిపోయాక, ఏది పెద్దదో మీకు నిజంగానే తెలియదా అని అడిగాను. "తెలిసుంటే నా మొగం చెప్పేసుండేది," అన్నారు. ఆమె ప్రతి ఏడూ పక్కిళ్ళ నుంచి వేరే పాత్రలు తెచ్చేవారని, ముందుగా ఎన్నడూ కొలిచేవారు కాదని అప్పుడు తెలిసింది. తరువాతి కాలంలో పసిపిల్లల చదువును అంచనా వేయడమే నా వృత్తి అయింది. కొత్తగా వచ్చే టీచర్లకు నేను మొదట చెప్పేది ఆ చెంబూ గిన్నెల సంగతే. మిగిలిన పద్ధతులన్నీ దాని తరువాతే.

ఆ పరీక్ష రోజు మధ్యాహ్నం ఆమె పాత్రలు తిరిగి ఇచ్చేయడానికి లేస్తారనుకున్నాను. లేవలేదు. "రా అమ్మాయ్, మనం గూడా చూద్దాం" అంటూ నేల మీదే బోర్లా పడుకున్నంత పనిచేసి, చెంబు అంచుకు కళ్ళు ఆనించారు. నేను చెంబు ఖాళీ చేసి, గిన్నె మళ్ళీ నింపి వంచాను. నీళ్ళు పైకి, ఇంకా పైకి వచ్చి, అంచు మీద సన్నగా ఉబ్బి, పొర్లకుండా వణుకుతూ నిలిచాయి. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.