గుల్ల మామయ్య

ఏ వస్తువు కనబడినా వేలి కణుపుతో తట్టి చూడందే ఆయనకు నిద్రపట్టదు. తట్టి, చెవి ఆనించి, తీర్పు చెబుతాడు: "గుల్ల!" పక్కింటివాళ్ళు కొత్త తలుపు పెట్టించుకుంటే వెళ్ళి తట్టాడు. వాళ్ళు పరుగున వచ్చి తీస్తే, "మీరెందుకొచ్చారు? నేను చెక్క చూస్తున్నాను" అన్నాడు. డాక్టరు ఆయన వీపు తట్టి చూస్తుంటే ఈయన డాక్టరు బల్ల తట్టి, "గుల్లండీ, మోసపోయారు" అని జాలిపడ్డాడు. వీధి వీధంతా ఆయన్ని గుల్ల మామయ్య అనే పిలుస్తుంది, అదీ ఆయన ముందే.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఇదంతా సరదాగానే ఉండేది, ఆ మధ్యాహ్నం దాకా.

అత్తగారికి హాలు గోడంటే ప్రాణం. కొడుకు పెళ్ళికి ముచ్చటపడి రంగు వేయించింది. "దీనికి మేకు కొట్టినవాళ్ళు ఇక నాతో మాట్లాడక్కర్లేదు" అని ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచింది. ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిన రోజు చూసుకుని, పుట్టింటి నుంచి తెచ్చుకున్న అద్దం తగిలిద్దామని కోడలు ఒకే ఒక్క మేకు కొట్టింది. మేకు వంగిపోయింది. అరచేయంత పెచ్చు ఊడి కాళ్ళ దగ్గర పడింది. అత్తగారు సాయంత్రానికి వచ్చేస్తుంది. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మామయ్యగారూ, అత్తయ్య వచ్చేలోపు పూడ్చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"కాళ్ళెందుకమ్మా, ఆ సుత్తి పట్రా."

కన్నం పక్కన తట్టాడు. "విన్నావా? డబడబమంది. ఇది గుల్ల. టకటకమంటే గట్టి. గుల్లంతా రాల్చకుండా అతుకేస్తే, అతుకుతో పాటు నా పరువూ ఊడుతుంది."

రాల్చాడు. కన్నం పళ్ళెమంత అయింది. అక్కడితో ఆగితేగా! మళ్ళీ తట్టాడు. టక్. "గుల్ల!" సుత్తి దెబ్బ. టక్. "ఇదీ గుల్లే!" ఇంకో దెబ్బ.

"మామయ్యగారూ, టక్ అంది కదండీ..."

"నీ చెవి ఇంకా కొత్తదమ్మా."

పళ్ళెమంతది చాపంత అయింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు ఈయన అని కోడలు తల పట్టుకుంది. ఇటుకలు తడిపి, ఇసుకా సిమెంటూ కలుపుతుండగానే గుమ్మంలో అత్తగారు ప్రత్యక్షమైంది. చేతిలో సంచీ జారిపోయింది.

"నా గోడ! ఎవరిదీ నిర్వాకం?"

"అత్తయ్యా, నేను..." అని కోడలు నోరు తెరిచేలోపు మామగారు తాపీ పట్టుకుని అడ్డొచ్చాడు.

"నేనే. అలా వెళ్తూ తట్టాను. గుల్ల. ఊరుకోగలనా చెప్పు?"

"మీ చేతులకి సంకెళ్ళు వెయ్యాలి! ఇల్లంతా తట్టారు, చివరికి నా గోడే దొరికిందా?"

ఆవిడ తిడుతూనే ఉంది. ఆయన తలవంచుకుని సిమెంటు మెత్తుతూ, నున్నగా రుద్దుతూనే ఉన్నాడు. మేకు మాట ఎవరూ ఎత్తలేదు. కోడలికి అప్పుడు వెలిగింది. అరచేయంత కన్నమైతే ఎవరు చేశారని అడుగుతారు. చాపంత కన్నమైతే ఇక అడిగేదేముంది, అది గుల్ల మామయ్యదే! పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నవ్వు కూడా వచ్చింది గానీ కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక, అత్తగారు అతుకు అంచున గోడని మెల్లగా తట్టింది. టకటకమంది. కింద రాలిన పెచ్చుల్లోంచి వంగిన మేకు ఏరి తీసింది. కోడలు నేలచూపులు చూసింది.

"నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారి వంటింటి గోడ కూడా ఇలాగే గుల్లయిందిలే" అంది ఆవిడ, మేకు కోడలి చేతిలో పెట్టి. "ఇంతకీ ఏం తగిలిద్దామనుకున్నావు?"

"అద్దం, అత్తయ్యా."

"ఆరాక తగిలిద్దాం. ఈసారి మేకు కొట్టేముందు మాత్రం తట్టి చూడు."