చట్టం వీపున ఉత్తరం

బైండరుకు డెబ్బై ఒకటో ఏట ధ్యానం పట్టుకుంది. తనంతట తాను వెళ్లలేదు, అక్క చెవి పట్టుకుని లాక్కెళ్లింది. చెప్పుల దుకాణం మేడ మీద గది. కింద కొత్త తోలు వాసన, పైన కళ్లు మూసుకున్న ఇరవై మంది. నేర్పేది రిటైరైన పళ్ల డాక్టరు. ముప్పై ఏళ్లు జనం చేత నోళ్లు తెరిపించిన మనిషి, ఇప్పుడు మూయిస్తున్నాడు.

"శ్వాసను గమనించండి. వచ్చేది వస్తుంది, పోయేది పోతుంది. దేన్నీ పట్టుకోకండి," అన్నాడు డాక్టరు.

"పట్టుకోకుండా పుస్తకం ఎలా కుడతారండీ?" అన్నాడు బైండరు కళ్లు తెరవకుండానే. అక్క మోచేత్తో పొడిచింది.

ఆ ఆదివారం పాఠం కరుణ. మనల్ని బాధపెట్టినవాణ్ణి ఒకణ్ణి తలచుకుని, వాడు సుఖంగా ఉండాలని మనసారా కోరుకోవాలట. బుద్ధుడి మాటే. బైండరుకు వెతుక్కునే పని లేకపోయింది. నలభై ఏళ్ల కిందటి ఇన్‌స్పెక్టరు మీసాలతో సహా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. 'సుఖంగా ఉండు నాయనా,' అనుకున్నాడు బైండరు. 'చల్లగా ఉండు. మలబద్ధకంతో, తుమ్ములతో ఉండు.'

ఆ ఇన్‌స్పెక్టరు ఎవరో తెలియాలంటే గురువారాల సంగతి తెలియాలి. అప్పట్లో మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే జైలు. ప్రతి గురువారం సాయంత్రం బైండింగు గదిలో తొమ్మిదిమంది చేరేవారు. ఒక లెక్కల మాస్టారు, ఒక బస్సు కండక్టరు, మందుల షాపాయన, ఓ దర్జీ, ఇలా. చేసే ఘనకార్యం ఏమీ లేదు. టీ తాగడం, ఒకరి బట్టతల మీద ఇంకొకరు జోకులేయడం, ఇంట్లో దాచుకోలేని ఉత్తరాలు తెచ్చి చదువుకుని, అక్కడే బైండరు సొరుగులో పెట్టి పోవడం. చరిత్ర అంటే ఊరేగింపులూ ఉపన్యాసాలూ అనుకునేవాళ్లకు ఇది ఆనదు. కానీ తొమ్మిదిమంది మగవాళ్లు వారానికి రెండు గంటలు అబద్ధమాడకుండా కూర్చోవడం ఏ రోజుల్లోనైనా చిన్న పని కాదు.

ఒక రోజు పొద్దున కండక్టరును పట్టుకున్నారని కబురొచ్చింది. అతని స్నేహితుల ఇళ్లన్నీ ఇన్‌స్పెక్టరు సోదా చేస్తున్నాడు, ఉత్తరాల కోసం. "తగలబెట్టెయ్," అన్నాడు లెక్కల మాస్టారు. బైండరు అగ్గిపెట్టె తీశాడు, పెట్టేశాడు. కాగితం కాల్చడం ఆ చేతులకు రాదు.

బల్ల మీద కోర్టు లైబ్రరీ వాళ్లు బైండింగుకు పంపిన చట్టాల సంపుటాలున్నాయి. పుస్తకాన్ని బీరువాలో నిలబెడితే మనకు కనిపించే వైపును వెన్ను అంటారు. అది గట్టిగా ఉండడానికి లోపల చిత్తుకాగితం అంటిస్తారు. అది ఏ కాగితమని ఏ జడ్జీ అడగడు. గంటలో ఉత్తరాలన్నీ పద్నాలుగు సంపుటాల వెన్నుల్లోకి వెళ్లిపోయాయి. వాళ్లను ఏ చట్టం జైలుకు పంపుతుందో ఆ చట్టం వీపునే వాళ్ల ప్రేమలేఖలు ఎక్కి కూర్చున్నాయి. గుర్తుకోసం బైండరు వెన్ను పైకొసన మామూలు ఎర్రదారానికి బదులు ఆకుపచ్చ దారం కుట్టాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి గదంతా చిందరవందర చేశాడు. ఏమీ దొరక్క, జిగురు ఇంకా ఆరని సంపుటం ఒకటి తీసి బల్ల మీద దబ్బున కొట్టాడు. "చట్టం అంటే ఇదిరా! చూశావా ఎప్పుడైనా?"

"చూశానండి. నేనే కుట్టాను."

చెంప పగిలింది. కండక్టరుకు రెండేళ్లు పడ్డాయి, ఉద్యోగం పోయింది. గురువారాలు ఆగిపోయాయి.

దర్జీ మాత్రం ఆగలేదు. మరుసటి నెల కుట్టుమిషనుతో సహా బైండింగు గది మేడ మీదికి మారాడు. ముప్పై ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు. మన భాషలో మేనత్త ఆడపడుచు తోడికోడలికి కూడా ఓ వరస ఉంది గానీ, తమ్ముడితో కాపురం చేస్తున్న మగవాడికి లేదు. అక్క కొన్నాళ్లు తిప్పలు పడి, చివరికి "మన దర్జీ" అని తేల్చేసింది. ఎవరైనా ఏమవుతాడని అడిగితే, "మీ ఆయనకన్నా బాగా చూసుకునేవాడవుతాడు," అనేది. వాళ్లు రెండో ప్రశ్న వేసేవాళ్లు కారు. చట్టం రద్దయిన రోజు దర్జీ పేపరు మడిచి, "ఇన్నేళ్లూ మనం నేరం చెయ్యలేదట్రా. మజా అంతా పోయింది," అన్నాడు. ఆ మరుసటేడు ఆయన పోయాడు.

ఆయన జీవితంలో రాసిన ప్రేమలేఖ ఒక్కటే. సోదా జరిగిన పొద్దునే కొత్త చొక్కా జేబులో పెట్టి పంపాడు. బైండరు గబగబా ఒక్కసారి చదివాడు, అంటించేశాడు. మొదటి వాక్యం గుర్తుంది, ఆఖరిది గుర్తుంది. మధ్యది పోయింది. ఎన్నిసార్లు అడిగినా దర్జీ నవ్వి, "నీ పుస్తకాన్నే అడుగు," అనేవాడు. ఇప్పుడు అడగడానికి పుస్తకం ఒక్కటే మిగిలింది.

అదీ పోయేలా ఉంది. బుధవారం కోర్టు లైబ్రేరియన్ ఫోను చేసింది. "బైండరుగారూ, పాత సంపుటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు. రేపు కాగితం మిల్లు లారీ వస్తోంది. అట్టలేమైనా పనికొస్తాయేమో తీసుకెళ్లండి."

"పట్టుకోవద్దన్నాడుగా మీ డాక్టరు!" అన్నాడు బైండరు, చెప్పులేసుకుంటూ.

"ఆయన పన్నూ అలాగే పీకుతాడు, నొప్పి మనకి. పద," అంది అక్క, సంచీ తీసుకుని.

లైబ్రరీలో పుస్తకాలు నేల మీద గుట్టలు పోసి ఉన్నాయి. అక్క స్టూలేసుకుని ఆకుపచ్చ దారం కోసం వెతికింది. తమ్ముడికంటే ఆవిడ చూపే నయం. మధ్యాహ్నానికి పద్నాలుగూ దొరికాయి. బైండరు కత్తితో మొదటి వెన్ను విప్పాడు. లైబ్రేరియన్ వచ్చి వెనక నిలబడింది.

"ఏంటండీ అవి?"

నలభై ఏళ్ల అలవాటు ప్రకారం నాలుక చివర అబద్ధం సిద్ధంగా ఉంది. బైండరు దాన్ని గమనించాడు. వచ్చింది, పోయింది. "ప్రేమలేఖలమ్మా. మగవాళ్లు మగవాళ్లకు రాసుకున్నవి."

"కోర్టు లైబ్రరీలోనా!"

"మీ అంత జాగ్రత్తగా ఎవరు దాస్తారు?"

ఆవిడ వంగి ఆ కాగితాన్ని చూసింది. తర్వాత, "ఉండండి, చేతులు కడుక్కొస్తాను," అంది.

స్నేహితుల ఉత్తరాలకు బైండరు అంచుల వెంట మాత్రమే పిండి జిగురు రాశాడు. కొద్దిగా తడి చేస్తే ఒక్కొక్కటీ చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. పేర్లు లేవు, మారుపేర్లే. లెక్కల మాస్టారు ఎవరికో రాసిన దానిలో ప్రేమ తక్కువ, అక్షర దోషాల దిద్దుబాటు ఎక్కువ. అక్క పైకి చదివి పడీ పడీ నవ్వింది. "ఇవి ఏ బీరువాలో పెట్టమంటారు?" అని అడిగింది లైబ్రేరియన్. "చట్టాల పక్కనే," అన్నాడు బైండరు. "పాత స్నేహం."

చివరిది దర్జీది. దానికి మాత్రం బైండరు భయం కొద్దీ రాసిన వైపంతా, ఒక్క వేలంత చోటు వదలకుండా, తోలు జిగురు పట్టించాడు. ఇక జన్మలో ఊడకూడదని. ఊడదు. వేడినీళ్ల ఆవిరి పెడితే కాగితం వస్తుంది, సిరా పోతుంది. అందరి ఉత్తరాలూ దాచినవాడు, తనదాన్ని పాతిపెట్టాడు.

"ఆవిరి పెట్టు. ఒక్క ముక్కైనా కనబడదా?" అంది అక్క. గొంతులో నవ్వు లేదు.

బైండరు కళ్లద్దాలు పైకి తోసుకుని వంగాడు. ఆ రోజు హడావిడిలో తిప్పి చూడని వెనక వైపు ఇప్పుడు పైకి ఉంది. అది దర్జీ కొలతల చీటీ. దాని మీద పెన్సిలుతో రాసి ఉంది: 'బైండరుగారు. ఛాతీ ముప్పై ఆరు. ఎడమ భుజం వేలెడు కిందికి. చెప్పొద్దు, బాధపడతాడు. లోపల పట్టీ వేసి సమం చెయ్యాలి.'

అక్క చూసింది, తమ్ముడి భుజం వైపు చూసింది. ఏళ్ల తరబడి ప్రెస్సు పిడి లాగి లాగి కుంగిన భుజం. "ఒరేయ్! నిజమేరా. డెబ్బై ఏళ్లుగా చూస్తున్నాను, నాకే కనబడలేదు!"

"నాకూ," అన్నాడు బైండరు. ముప్పై ఎనిమిదేళ్లలో ఏ చొక్కా తనకు వంకరగా కూర్చోలేదు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఆవిరి పెట్టలేదు. ఆ సంపుటాన్ని అలాగే అడిగి తెచ్చుకున్నాడు. మధ్య వాక్యం లోపలే ఉంది. ఉండనీ.

ఆదివారం పళ్ల డాక్టరు మళ్లీ బాధపెట్టినవాణ్ణి తలచుకోమన్నాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు. ముసలివాడయ్యాడు పాపం, ఆయనకూ ఎక్కడో ఏదో ఒకటి కుంగే ఉంటుంది. 'సుఖంగా ఉండు,' అనుకున్నాడు బైండరు. మలబద్ధకం తీసేశాడు. తుమ్ములు మాత్రం ఉంచాడు.